పసిఫిక్ ఒడ్డున అట్లాంటిక్ ఆట

అమెరికా పడమటి రాష్ట్రాల్లోని 12 యూనివర్సిటీల ఆటల కూటమి (కాన్ఫరెన్స్) 2012లో సొంత టీవీ పెట్టుకుంది. పేరు పాక్-12 నెట్‌వర్క్. ఒకటి కాదు, ఏకంగా ఏడు చానెళ్లు! బయటివాళ్లకు పైసా వాటా లేదు. అంతా బాగానే ఉంది కానీ, శాటిలైట్ టీవీ కంపెనీ డైరెక్‌టీవీతో బేరం పన్నెండేళ్లయినా తెగలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు మనవాళ్లు. అక్కడి పూజారి నెలనెలా బిల్లు కూడా పంపుతాడు! ఇంటిమీద డిష్ ఉన్నా, బిల్లు కట్టినా, అభిమాని తన కాలేజీ ఆట కోసం పక్కింటి సోఫా వెతుక్కోవాల్సి వచ్చేది.

చివరికి 2024లో పది కాలేజీలు కూటమి వదిలి గోడ దూకాయి, చానెల్ మూతపడింది. వాటిలో ఒకటైన, పసిఫిక్ గాలి పీల్చే స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు ఆడుతున్నది ఎక్కడనుకున్నారు? అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో!