గ్లేసియర్ బేలో మంచి చోటు పట్టే తొమ్మిది చిట్కాలు

అలస్కా క్రూయిజ్‌కి టికెట్లు కొన్నారు, బాగుంది. అసలు పని గ్లేసియర్ బే రోజున ఉంటుంది. ఆ నేషనల్ పార్కులోకి వేసవిలో రోజుకు రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. అంటే మీతోపాటు వేలమంది అదే మంచుగోడ కోసం ఎగబడతారు. వాళ్లందరి మధ్య కాలు కదపకుండా, చలి తగలకుండా నెగ్గుకు రావాలి. కింది పద్ధతి తు.చ. తప్పకుండా పాటించండి.

1. పెద్దవాళ్లని ముందు పంపండి. ఇండియా నుంచి వచ్చిన మామగారికి ఎలాగూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఆయన చేతికి నాలుగు వస్తువులు ఇచ్చి పై డెక్కులోని అద్దాల హాలుకి పంపండి. ఒక కుర్చీలో తువ్వాలు, ఒకదాంట్లో మంకీ క్యాప్, ఒకదాంట్లో కళ్లజోడు డబ్బా, ఒకదాంట్లో బోర్లించిన పుస్తకం పెట్టించండి. ఎవరైనా అడిగితే ‘మావాళ్లు బాత్‌రూమ్‌కి వెళ్లారు, ఇప్పుడే వచ్చేస్తారు’ అనమనండి. అరగంటకోసారి వస్తువుల చోట్లు మార్చమనండి. మనుషులు వచ్చి వెళ్తున్నట్టే ఉంటుంది.

2. కిటికీకి వీపు పెట్టి కూర్చోండి. మంచు మీది వెలుగు కళ్లలో కొడుతుంది. టీ మిషనూ లిఫ్టూ రెండూ కనబడే కుర్చీయే శ్రేష్ఠం. కిటికీ పక్క కుర్చీల్లో సంచులు పెట్టండి.

3. రేంజర్ మాట్లాడుతుంటే కునుకు తీయండి. బార్ట్‌లెట్ కోవ్ దగ్గర పొద్దున్నే పార్కు రేంజర్లు ఓడ ఎక్కి రోజంతా మైకులో వివరిస్తారు. 1794లో నావికుడు వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు అంతా మంచేననీ, 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు 30 మైళ్లకు పైగా వెనక్కి పోయిందనీ చెబుతారు. అన్నేళ్లుగా కరుగుతున్నది ఇంకో గంట ఆగలేదా? నిశ్చింతగా పడుకోండి.

4. స్వెట్టర్లు తేకండి. పెట్టెలో బరువు తప్ప ఉపయోగం లేదు. గ్లేసియర్ మీదుగా వచ్చే గాలి జూలైలో కూడా ఎముకలు కొరుకుతుంది కాబట్టి, కాటన్ చొక్కాతో, హవాయి చెప్పులతో డెక్కు మీదికి వెళ్తే రెండు నిమిషాల్లో గౌరవంగా వెనక్కి రావచ్చు. ‘పిల్లాడికి జలుబు చేస్తుంది’ అనండి. ఇక మిమ్మల్ని ఎవరూ బయటికి పిలవరు.

5. దేనికీ తొందరపడకండి. మార్జెరీ గ్లేసియర్ ముందు ఓడ సుమారు గంటసేపు ఆగి, రెండు వైపుల వాళ్లకీ కనబడేలా నెమ్మదిగా తిరుగుతుంది. మొదటిసారి మీ వైపు వచ్చినప్పుడు ‘మళ్లీ వస్తుందిగా’ అనండి. మళ్లీ వచ్చినప్పుడు ‘ఇందాకటిదేగా’ అనండి. పని పూర్తయినట్టే.

6. ఆ గంటలోనే భోజనం కానివ్వండి. జనమంతా రెయిలింగు పట్టుకుని వేలాడుతుంటారు, బఫేలో లైను ఉండదు. రెండోసారి, మూడోసారి వడ్డించుకోవచ్చు. ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా ఇప్పుడు తీయండి. బయట ‘ఓ’ అని కేకలు వినబడితే ముద్ద కలపడం ఆపకండి.

7. చప్పుడు వచ్చాకే తల తిప్పండి. గోడ నుంచి మంచుపెళ్ల విరిగి నీళ్లలో పడితే ఉరిమినట్టు వినిపిస్తుంది. దానికోసం గంటసేపు కళ్లార్పకుండా చూడటం దండగ. చప్పుడే మిమ్మల్ని పిలుస్తుంది. వెలుగు ముందూ ధ్వని వెనకా వస్తాయి కనుక, మీరు చూసేసరికి అంతా సర్దుకుని నీళ్ల మీద నాలుగు అలలు మిగులుతాయి. మెడనొప్పి రాదు.

8. ఫోటోలు అన్ని కాంబినేషన్లలో తీయించుకోండి. ముందు దంపతులు, తర్వాత పిల్లలతో, అత్తగారి వైపు, అమ్మ వైపు, చివరికి అందరూ. ప్రతిసారీ గ్లేసియర్‌కి వీపే పెట్టండి. మార్జెరీ సుమారు మైలు వెడల్పు, నీటిమీద దాదాపు 250 అడుగుల ఎత్తు. అయినా ఎనిమిది మంది దగ్గరగా నిలబడితే మొత్తం కప్పేయవచ్చు. పక్కనే రాళ్లూ మట్టీ కప్పుకుని ఉన్న గ్రాండ్ పసిఫిక్ గ్లేసియర్‌ని కొండ అనుకుని వదిలేయండి. మంచు కనబడే ఫోటోలు పక్క టేబుల్ వాళ్లని వాట్సాప్‌లో అడిగి తెచ్చుకోండి. ఊళ్లో ఎవరైనా అడిగితే ‘మందపాటి మంచు ఎరుపు వెలుగుని మింగేస్తుంది, అందుకే నీలంగా ఉంటుంది’ అనండి. అంత తెలిసినవాణ్ని చూశావా లేదా అని ఎవరూ అడగరు.

9. సాయంత్రం రిసెప్షన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఇంత డబ్బు పోసి వస్తే ఒక్క పెళ్ల కూడా విరగలేదని గట్టిగా మాట్లాడండి. పరిహారంగా ఏదో ఒక కూపన్ అడగండి. ఫారంలో ‘మా కుటుంబంలో ఎవరికీ గ్లేసియర్ కనబడలేదు’ అని రాయండి. పై ఎనిమిదీ సరిగ్గా పాటించి ఉంటే అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. ధైర్యంగా సంతకం పెట్టండి.