సీసాలో మైలేజీ

ఇంజన్ ఆయిల్ అంటే ఉత్త నూనె కాదు. మూల నూనెలో రకరకాల రసాయనాలు కలిపాకే అది డబ్బాలోకి ఎక్కుతుంది. డబ్బాలో పదోవంతుకు తగ్గకుండా, కొన్నిట్లో నాలుగోవంతు దాకా ఉండేవి ఆ రసాయనాలే. మసిని కడిగేది ఒకటి, కడిగిన మసి ముద్ద కట్టకుండా తేల్చి ఉంచేది ఒకటి, నురగ రానీయనిది ఒకటి, వేడికి నూనె మరీ పలచబడకుండా చూసేది ఒకటి. లోహానికి లోహం రాసుకునే చోట పొరలా అతుక్కుని, లోహానికి బదులు తాను అరిగేది మరొకటి. ఈ చివరిదాని పేరు జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. 1940ల నుంచీ వాడుకలో ఉంది. నోరు తిరగనివాళ్లు జెడ్‌డీడీపీ అంటారు. ఇన్నీ కలిపి అమ్మిన డబ్బాలో, మళ్లీ కలుపుకోమని విడిగా అమ్మే చిన్న సీసాను ఆయిల్ అడిటివ్ అంటారు. డబ్బాకు లేని ఆత్మవిశ్వాసం ఈ సీసాకు ఉంటుంది.

సీసా చుట్టూ మూగే జాతులు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. విజయవాడ ఆటోనగర్‌లో ఏ రేకుల షెడ్డు కింద చూసినా ఐదు రకాలూ దొరుకుతాయి. మొదటివాడు సీసావాలా: టక్కు చేసిన చొక్కా, చేతిలో సూట్‌కేసు, అందులో ఒక యంత్రం. రెండోవాడు మైలేజీరావు: పెళ్లిరోజు మరిచిపోతాడు గానీ ఏ బంకులో ఎన్ని పాయింట్లు కొట్టించాడో డైరీలో రాసిపెడతాడు. మూడోవాడు మేస్త్రి: చప్పుడు విని జబ్బు చెబుతాడు, జేబు చూసి మందు చెబుతాడు. నాలుగోవాడు మాస్టారు: పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు, క్లాసు మాత్రం ఇంకా వదల్లేదు. ఐదోవాడు పాతబండ్ల బేరగాడు. అతను చివరిదాకా మాట్లాడడు.

సీసావాలా: సార్, ఇంజన్ అరిగేదంతా స్టార్ట్ చేసే ఆ ఒక్క క్షణంలోనే. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇనుము మీద ఇనుము! మా సీసా పోస్తే లోపలంతా తొడుగు వేసినట్టు ఉంటుంది.

మైలేజీరావు: అదంతా సరే, మైలేజీ ఎంత పెరుగుతుంది?

సీసావాలా: ముప్ఫై శాతం దాకా సార్.

మైలేజీరావు: దాకా అంటే?

సీసావాలా: దాకా అంటే దాకానే సార్.

మాస్టారు: సున్నా కూడా ముప్ఫై దాకాలోదే నాయనా.

స్టార్టింగ్ మాట కొత్తది కాదు. అమెరికాలో స్లిక్ 50 అనే సీసా ఈ మాట మీదే కోట్లాది డాలర్ల వ్యాపారం చేసింది. స్టార్ట్ చేసే సమయంలో మామూలు ఆయిల్ ఇంజన్‌కు పెద్దగా రక్షణ ఇవ్వదన్న ఆ ప్రచారం అబద్ధమని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అభియోగం మోపింది, మరుసటి ఏడు కంపెనీ రాజీకి వచ్చింది. అంతకు ముందే ఎస్‌టీపీ అనే మరో పేరుమోసిన సీసా అబద్ధపు ప్రచారానికే 1978లో ఐదు లక్షల డాలర్ల జరిమానా కట్టింది. నిన్నటిదాకా తిరిగిన ఇంజన్‌లో ఆయిల్ పూర్తిగా జారిపోదు. పలచటి పొర మిగిలే ఉంటుంది, దాని కింద జెడ్‌డీడీపీ వేసిన పొర కూడా ఉంటుంది.

సీసావాలా: మాది మామూలు ఆయిల్ కాదు సార్, టెఫ్లాన్! అట్ల పెనం చూశారుగా, ఏదీ అంటుకోదు.

మేస్త్రి: ఏదీ అంటుకోని సరుకు నా బేరింగ్‌కు మాత్రం ఎట్లా అంటుకుంటుంది తమ్ముడూ?

మేస్త్రి ప్రశ్నకు రసాయనశాస్త్రంలోనూ జవాబు లేదు. పెనానికి టెఫ్లాన్ పట్టించాలంటే ముందు లోహాన్ని శుభ్రం చేసి గరుకు చెయ్యాలి, తర్వాత కొలిమిలో కాల్చాలి. టెఫ్లాన్ కరిగే వేడి 327 డిగ్రీలు. నూనెలో నానుతూ నూరు డిగ్రీల చుట్టుపక్కల తిరిగే బేరింగ్ మీద అది పొరగా పడే మార్గం లేదు. పొడిగా తిరుగుతుంది, ఫిల్టర్‌లో చేరి కూర్చుంటుంది. టెఫ్లాన్‌ను కనిపెట్టిన డ్యూపాంట్ కంపెనీయే 1980 ప్రాంతంలో, ఇది ఇంజన్ నూనెల్లో కలపడానికి పనికొచ్చే సరుకు కాదని తేల్చి చెప్పింది. తల్లే కాదన్నాక మేనత్తలు ముద్దు చేసినట్టుంది ఆ తర్వాతి వ్యాపారం.

మాటతో పని జరగనప్పుడు సూట్‌కేసు తెరుచుకుంటుంది. లోపల చిన్న మోటారు, దానికి తిరిగే ఉక్కు చక్రం, చక్రానికి ఒరుసుకునేలా ఒక ఉక్కు రోలరు, ఆ రోలరును నొక్కే మీట, కింద నూనె గిన్నె. గిన్నెలో మామూలు ఆయిల్ పోసి మీట నొక్కితే మోటారు కీచుమని ఆగిపోతుంది. సీసాలోది నాలుగు చుక్కలు వేస్తే మీటకు ఇంకో మనిషి వేలాడినా ఆగదు. తిరునాళ్లలో మూడుముక్కలాట చూసిన కళ్లకు కూడా ఇది మాయలా కనిపించదు, ఎందుకంటే ఇందులో మాయ లేదు. మోసమల్లా యంత్రంలో కాదు, అది ఇంజన్ లాంటిదేనని చెప్పడంలో ఉంది. గ్రీజుల బలమూ గేరు నూనెల బలమూ కొలవడానికి పుట్టిన టిమ్కెన్ పరీక్షకు ఇది దూరపు చుట్టం. క్రాంకు బేరింగ్ ఇలా గీత మీద గీత నొక్కుకుని తిరగదు. నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది.

మైలేజీరావు: కళ్లతో చూశాక ఇంకేం కావాలి మాస్టారూ?

మేస్త్రి: ఒరే చిన్నోడా, కొట్లో షాంపూ ప్యాకెట్ ఒకటి పట్రా.

రూపాయి షాంపూ వచ్చింది. గిన్నె తుడిచి అదే పోశారు. మీట నొక్కారు. మోటారు ఆగలేదు. మైలేజీరావు స్వయంగా వేలాడినా ఆగలేదు.

మేస్త్రి: ఇంజన్ తల కూడా రుద్దిద్దామా సార్?

సీసావాలా: షాంపూ వేరు సార్, మా టెక్నాలజీ వేరు.

అంత వేరేం కాదు. నొక్కుడుకు తట్టుకునే గంధకమో క్లోరినో జింకో ఏది ఉన్నా ఈ యంత్రం మెచ్చుకుంటుంది. చాలా సీసాల్లో ఆ పని చేసేది క్లోరినేటెడ్ పారఫిన్. లోహం కోసే లేత్ మిషన్ నూనెలో దానికి గౌరవమైన ఉద్యోగమే ఉంది. ఇంజన్ వేడికి, లోపల చేరే చెమ్మకు అది విరిగితే మాత్రం పుట్టేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బేరింగ్ అరగదు, తుప్పు పడుతుంది. జింకు ఎక్కువైనా తంటాయే. దాంతోపాటు వచ్చే భాస్వరం సైలెన్సర్‌లోని కేటలిటిక్ కన్వర్టర్‌ను చంపుతుంది. అందుకే 2004 తర్వాతి ప్రమాణాల్లో కార్ల పలుచటి గ్రేడు నూనెలకు భాస్వరం 0.08 శాతం దాటకూడదన్న కట్టడి వచ్చింది. నూనె కంపెనీ తూకం వేసి తగ్గించినదాన్ని సీసావాలా పిడికెడు లెక్కన పెంచుతాడు. పప్పులో ఉప్పు సరిపోయిందని వంటమనిషి చెప్పాక, పక్కింటాయన ప్రేమతో ఇంకో పిడికెడు వేసినట్టు.

మైలేజీరావు: అవన్నీ నాకెందుకండీ! నాకు ముప్ఫై శాతం రాకపోయినా ఇరవై వస్తే చాలు.

మాస్టారు: నూరు రూపాయల పెట్రోలు పోశావనుకో. అరవై రూపాయల పైచిలుకు వేడిగా సైలెన్సర్లోంచి, సిలిండర్ రెక్కల మీంచి గాల్లో కలుస్తుంది. ఓ పది రూపాయలు ఇంజన్ లోపలి రాపిడి తింటుంది. మిగిలిన పాతికో పరకో బండిని లాగుతుంది. ఇప్పుడు ఈయన చెప్పే ముప్ఫై చుట్టుపక్కలకు చేరాలంటే ఇంజన్ లోపల రాపిడి దాదాపు లేకుండా పోవాలి.

మేస్త్రి: అదే జరిగితే సీసాకు కొబ్బరికాయ కొట్టాలి సార్, నాలుగొందల యాభై ఇవ్వడమేంటి.

రాపిడిలో పదోవంతు తగ్గితే రెండు మూడు శాతం పెట్రోలు మిగులుతుంది. అది కూడా సులువు కాదు. లోపలి రాపిడిలో ఎక్కువభాగం లోహానిది కాదు, చిక్కటి నూనె పొరను చీల్చుకుంటూ తిరగడానికి అయ్యే ఖర్చు. కాబట్టి చిక్కటి 20డబ్ల్యూ-50 గ్రేడు నూనె వాడుతున్న బండికి, దాని పుస్తకం ఒప్పుకుంటే, పలుచటి 10డబ్ల్యూ-30 వేయడం ఏ సీసా కన్నా మేలు. మాలిబ్డినం లాంటి రాపిడి తగ్గించే పదార్థాలు నిజంగానే పనిచేస్తాయి. పనిచేస్తాయి కాబట్టే చాలా కార్ల నూనెల్లో కంపెనీలే ముందుగా వేస్తాయి.

ఇక్కడ మైలేజీరావు డైరీ అక్కరకొచ్చింది. ఆయన బండి లీటరుకు యాభై ఇస్తుంది. ఆయిల్ మార్చేది 3,000 కిలోమీటర్లకు. అంటే 60 లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన 6,600. సీసా ఖరీదు రాబట్టుకోవాలంటేనే ఏడు శాతం దగ్గర మిగలాలి. రెండు శాతం మిగిలితే చేతికొచ్చేది 132 రూపాయలు, చేతినుంచి పోయేది 450.

మైలేజీరావు: కానీ మా తోడల్లుడు పోయించాడండీ. నలభై ఇచ్చే బండి నలభై ఎనిమిది ఇస్తోంది!

మాస్టారు: ఎప్పుడు పోయించాడు?

మైలేజీరావు: బండి మరీ తాగేస్తోందని సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు.

మేస్త్రి: అప్పుడే ఫిల్టరు మార్చుంటారు, చైను బిగించుంటారు, టైర్లలో గాలి కొట్టుంటారు. మంచి పేరు సీసాకు, నల్ల చేతులు నాకు.

తోడల్లుడి ప్రమాణం ఈ వ్యాపారానికి ఆయువుపట్టు. మైలేజీ మరీ పడిపోయిన నెలలోనే ఎవరైనా సీసా కొంటారు. పడిపోయినది మరుసటి నెల ఎటూ కాస్త లేస్తుంది. తగ్గబోయే జ్వరానికి వేసిన మాత్రలా ఆ లేవడం సీసా ఖాతాలో పడుతుంది. పైగా డబ్బు పెట్టినవాడు యాక్సిలరేటర్ మెల్లగా తిప్పుతాడు, మీటరు మీద కన్నేసి ఉంచుతాడు. ట్యాంకు మూతి దాకా నింపి, మళ్లీ అదే బంకులో అదే స్టాండు మీద అంతే నింపి, నాలుగైదు సార్లు సరాసరి తీస్తే తప్ప ఏదీ తేలదు. ఇంత చేసే ఓపిక ఉన్నవాడికి సీసా అమ్మడం కష్టం.

సీసావాలా: కొత్తదాన్ని లోకం ఎప్పుడూ నమ్మదు సార్. ఆకులతో పెట్రోలు చేసినాయన్ని నమ్మిందా?

మాస్టారు: రామర్ పిళ్లైనా? 1996లో నమ్మారు నాయనా, అదే వచ్చిన చిక్కు. 2016లో చెన్నై సీబీఐ కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది.

సీసావాలా: పోనీ, నష్టమైతే లేదుగా సార్?

ఈ ప్రశ్నకు మాస్టారి కంటే మేస్త్రి ముందు లేచాడు. గేర్ల బైకుల్లో ఇంజన్, గేరుబాక్సు, క్లచ్ ప్లేట్లు ఒకే నూనెలో మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించే మందు పిస్టన్‌కు ఒక న్యాయం, క్లచ్‌కు ఒక న్యాయం చెయ్యదు. క్లచ్ బతికేదే రాపిడి మీద. కార్ల నూనెల్లో రాపిడి తగ్గించే సరుకు పెరిగి బైకుల క్లచ్‌లు జారడం మొదలయ్యాకే జపాన్ వాళ్లు 1998లో జాసో ప్రమాణం పెట్టారు. డబ్బా మీద కనిపించే ఎంఏ, ఎంఏ2 అక్షరాలు క్లచ్ పట్టు సడలదన్న హామీ. గేర్లు లేని స్కూటర్లకు ఈ బెడద లేదు, వాటికి ఎంబీ సరిపోతుంది.

మేస్త్రి: పోయించుకున్న బండ్లు వస్తూనే ఉంటాయి సార్. రైజ్ చేస్తే అరుస్తుంది గానీ కదలదు. ప్లేట్ల సెట్టు మార్చాలి, మజూరీ వేరే. నాకేం నష్టం లేదు, పోయించుకోండి.

మాస్టారు: మరి నీ షెల్ఫు మీద ఆ పన్నెండు సీసాలేమిటి మేస్త్రీ?

మేస్త్రి: కమీషన్ సార్. అడిగినవాళ్లకు లేదనకూడదుగా.

సీసా జాతిలో పనికొచ్చేవీ ఉన్నాయి. పెట్రోల్లో కలిపే పాలీఈథర్‌అమీన్ రకం ఇంజెక్టర్లకు పట్టిన మడ్డిని కడుగుతుంది, అయితే మడ్డి ఉంటేనే. గట్టిపడిన రబ్బరు సీళ్లను ఉబ్బించి కారుడు తగ్గించే రకమూ కొన్నాళ్లు పనిచేస్తుంది. తేనెలా జిగటగా ఉండేది మరో రకం. నూనెను చిక్కబరిచి, రింగులు అరిగిన ఇంజన్‌లో పొగను, లోపలి కొట్టుడు చప్పుడును అణిచి ఉంచుతుంది. అరుగుదల అలాగే ఉంటుంది, వినపడదంతే. మైలేజీ ఇంకాస్త తగ్గుతుంది. అప్పటిదాకా పల్లెత్తు మాట అనని బేరగాడు ఈ రకం పేరు వినపడగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

బేరగాడు: తమ్ముడూ, ఆ చిక్కటి సరుకు నీ దగ్గరుందా?

సీసావాలా: ఉంది సార్! ఆరు నెలలు పొగ కనపడదు.

బేరగాడు: ఆరు నెలలు నాకెందుకు? ఆదివారం దాకా కనపడకపోతే చాలు. ఓ డజను తియ్.

సీసావాలా: బిల్లు ఏ పేరు మీద రాయమంటారు?

బేరగాడు: బిల్లొద్దు.

సీసావాలా సూట్‌కేసు మూశాడు. మైలేజీరావు డైరీ జేబులో పెట్టుకుని బేరగాడి పక్కకు చేరాడు.

మైలేజీరావు: ఈ సీసాల గొడవ మనకెందుకు గానీ, ఇంటిల్లిపాదీ తిరగడానికి ఓ సెకండ్ హ్యాండ్ కారు చూద్దామనుకుంటున్నా. పొగ రాకూడదు, చప్పుడు ఉండకూడదు. నీ ఎరికలో ఏదైనా ఉందా?

బేరగాడు: ఆదివారం రండి సార్. ఒకటి రెడీ అవుతోంది.