నా సిలిండరు నాతో మాట్లాడదు

నేను పుట్టింది 1939లో, రష్యాలోని తూలా ఆయుధ కర్మాగారంలో. నా ఒంటి మీద నక్షత్రం, దాని లోపల బాణం, పక్కన సంవత్సరం ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంటిపేరు మాత్రం బెల్జియం వాళ్లది. లీజ్ పట్టణపు లియోన్ నగాన్ గీసిన నమూనాను జార్ సైన్యం 1895లో తీసుకుంది. మూడేళ్లకు తూలాలో తయారీ మొదలైంది. ఆ రోజుల్లో ఆఫీసర్ల రివాల్వరు ట్రిగ్గర్ నొక్కితే చాలు, పేలేది. సిపాయిలది మాత్రం ప్రతిసారీ బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగితేగానీ పేలేది కాదు. సిపాయి తూటాలు తగలేస్తాడని భయమట! విప్లవం తర్వాత ఆ పంక్తిభేదం పోయింది. నేను ఆఫీసరు రకమే.

నాలో గొప్పగా చెప్పుకోదగ్గది ఒక్కటుంది. మామూలు రివాల్వర్లలో సిలిండరుకూ గొట్టానికీ నడుమ వెంట్రుకవాసి సందు ఉంటుంది. పేలినప్పుడు వాయువు కొంత అందులోంచి పక్కలకు చిమ్ముతుంది. నాలో అలా కాదు. సుత్తి వెనక్కి వెళ్తుంటే సిలిండరు తిరుగుతూ ముందుకు జరిగి గొట్టానికి ఆనుకుంటుంది. నా తూటా కూడా వేరే రకం. గుండు ఇత్తడి తొడుగులోపలే మునిగి ఉంటుంది, తొడుగు మూతి గొట్టంలోకి కాస్త దూరి సందును మూసేస్తుంది. సైలెన్సరు పెడితే నిజంగా పనిచేసే రివాల్వర్లు అరుదు, వాటిలో నేనొకదాన్ని. ఇంత హంగామాకు గుండు వేగం పెరిగేది కొద్దిగానే. దానికోసం ట్రిగ్గర్ మీద సుమారు 20 పౌండ్ల బలం పెట్టాలి. ఏడు తూటాలనూ పక్కనున్న చిన్న తలుపులోంచి ఒక్కొక్కటే ఎక్కించాలి, ఖాళీ తొడుగులను ఒక్కొక్కటే పొడిచి బయటికి తోయాలి. యుద్ధంలో అంత తీరిక ఎవరికుంటుంది? మా స్థానంలోకని తోకరేవ్ పిస్టల్ వచ్చినా, 1945 దాకా మమ్మల్ని తయారు చేస్తూనే ఉన్నారు.

యుద్ధంలో నేను చేసిందేమీ లేదు. ఒక రైల్వే గోదాములో కాపలావాడి నడుముకు వేలాడుతూ పిండి బస్తాలు కాశాను. గాలిలోకైనా పేలలేదు.

యుద్ధం ముగిశాక మరమ్మతు డిపోకి తోలారు. అక్కడ మమ్మల్ని గుట్టలుగా పోసి, విడగొట్టి, అరిగిన భాగాలు పారేసి, సరిపడినవాటిని మళ్లీ బిగించారు. నాకు దొరికిన సిలిండరు నాది కాదు. దాని పాత నంబరు మీద గీత కొట్టి, పక్కన నా నంబరు గుద్దారు. అరుగుదల చూస్తే నాకన్నా పెద్దదే. ఎక్కడ పనిచేసిందో ఎన్నిసార్లడిగినా చెప్పదు. నేనూ గట్టిగా అడగను. మా జాతి చరిత్ర అలాంటిది మరి. 1918 జులైలో యెకతెరిన్‌బర్గ్‌లో జార్ కుటుంబాన్ని చంపిన ఆయుధాల్లో నగాన్లూ ఉన్నాయి. ఆ తర్వాత రహస్య పోలీసుల చేతుల్లో మేం చేసిన పని యుద్ధభూమిలో చేసింది కాదు.

గ్రీజులో దశాబ్దాలు మునిగి ఉన్నాం. ఆ తర్వాత సోవియట్ యూనియన్ కూలింది. పెట్టెలకు పెట్టెలు అమెరికా చేరాం. చట్టం ప్రకారం దిగుమతిదారు తన పేరు, ఊరు నా మీద గుద్దుకున్నాడు, ఇంకో అచ్చు. అప్పట్లో తోలు సంచి, స్క్రూడ్రైవరు, గొట్టం తుడిచే కడ్డీ కలిపి వంద డాలర్లలోపే పలికేదాన్ని. 2021లో రష్యా తుపాకుల దిగుమతి మీద అమెరికా ఆంక్షలు పెట్టాక, కొత్త సరుకు వచ్చే దారి ఇంకా మూసుకుపోయింది. నా మీద ధర చీటీ మారుతూ వచ్చింది.

ఒహాయోలో ఒక చిన్న పట్టణం, అక్కడి తుపాకుల దుకాణంలో అద్దాల పెట్టె. ఒక కుర్రాడు వంగి చూసి, "ఇది స్టాలిన్‌గ్రాడ్‌లో ఉందా?" అన్నాడు. "దాని మీద ఏం గుద్ది ఉందో చదువుకో. అంతకు మించి నేను చెప్పినా నమ్మకు," అన్నాడు దుకాణదారు. అవునంటే ఇంకో యాభై డాలర్లు వచ్చేవి. కుర్రాడు మొహం వేలాడేసుకుని వెళ్లిపోయాడు. పాపం, వాడికేం తెలుసు, నా సిలిండరు ఏ జైలు నేలమాళిగలో పనిచేసిందో!

నన్ను కొన్నది లేత్ మెషిన్ మీద జీవితమంతా గడిపి రిటైరైన పెద్దాయన. చరిత్ర అడగలేదు. ఖాళీగా ఉన్నానని రెండుసార్లు చూసుకుని, సుత్తిని మెల్లగా లాగాడు. సిలిండరు ముందుకు జరగడం చూసి నవ్వాడు. మళ్లీ లాగాడు, మళ్లీ నవ్వాడు. భూతద్దం తీసి, కొట్టేసిన నంబరు చదివి, "ఇవి రెండు తుపాకులు కదయ్యా," అన్నాడు. "రెండుకి తక్కువ కావులెండి," అన్నాడు దుకాణదారు.

మీ భారతదేశంలోనైతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు, ఆ తర్వాతే దుకాణం. ఇక్కడ కౌంటరు మీదే ఫారం 4473 నింపి, నేరచరిత్ర లేదని సంతకం పెట్టాలి. దుకాణదారు ఎఫ్‌బీఐ వాళ్లను అడిగి, సరేనన్నాక నన్ను అట్టపెట్టెలో పెట్టిచ్చాడు.

అసలు చిక్కు తూటాలతో. సెర్బియాలోనో ఇటలీలోనో చేసినవి దొరకాలి. ధర విని పెద్దాయన ఈల వేశాడు. పాయింట్ 32 తూటాలు దూరతాయని ఎవరో చెప్పారు. దూరితే దూరతాయి గానీ వాటి తొడుగు పొట్టిది, సందు మూసుకోదు, ఒక్కోసారి ఉబ్బి చీలుతుంది కూడా. "ఈ యంత్రాన్ని కొన్నదే ఆ సందు మూసుకుంటుందని," అని ఒప్పుకోలేదు. ఒకే డబ్బా తెప్పించుకుని, లెక్కపెట్టి కాలుస్తున్నాడు.

ఇప్పుడాయన కన్ను నా స్ప్రింగు మీద పడింది. కాస్త అరగదీస్తే ట్రిగ్గర్ తేలికవుతుందని లెక్కలు వేస్తున్నాడు. పాత తుపాకుల స్నేహితులు వద్దంటున్నారు, అసలు విలువ పోతుందట. ఏది అసలో సిలిండరునడగమనండి. ప్రస్తుతానికి ఆయన నా జోలికి రాలేదు గానీ, ఆకురాయి మాత్రం కొత్తది కొన్నాడు.