పార్టీ బస్సు: నిర్వచనం, లక్షణాలు, అద్దె నిబంధనలు

ఒక బృందం వేడుక చేసుకోవడానికి గంటల లెక్కనో రోజు లెక్కనో మొత్తంగా మాట్లాడుకునే వాహనాన్ని పార్టీ బస్సు అంటారు. అమెరికాలో దీని ఖరీదైన రూపం లిమో బస్సు. లోపల మెత్తటి సోఫాలు, రంగురంగుల దీపాలు, చెవులు పగిలే పాటలు, సీసాలు పెట్టుకునే అర, నడిమధ్య పట్టుకుని ఊగడానికి ఒక నిలువు కడ్డీ ఉంటాయి. పెళ్లి కాబోయేవారి స్నేహితులు తలా కొంత వేసుకుని దీన్ని తీసుకుంటారు. ఇరవై ముప్పై మంది ఎక్కితే నిండిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో వాడుకలో ఉన్న రకం దీనికన్నా పెద్దది, పాతది, వేల సంఖ్యలో దొరికేది. దాని పేరు పల్లెవెలుగు, ఆర్టీసీ నడిపే ఊరి బస్సు.

ఈ సేవకు మూలం 1932. ఆ ఏడాది నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైంది. అప్పటి ఉద్దేశం జనాన్ని ఊరి నుంచి ఊరికి చేర్చడం. దారిలో చెయ్యెత్తినవారిని ఎక్కించుకుని ఎవరి టికెట్టు వారికి కొట్టేది స్టేజ్ క్యారేజ్ అని, ఒకరే మొత్తంగా మాట్లాడుకునేది కాంట్రాక్ట్ క్యారేజ్ అని 1988 మోటారు వాహనాల చట్టం విడదీసింది. పల్లెవెలుగు రెండు అవతారాలూ ఎత్తగలదు. రాజకీయ పార్టీ సభ తేదీ ఖరారు కాగానే మొదటి అవతారం చాలిస్తుంది.

సౌకర్యాల విషయంలో లిమో బస్సుకు ఇది ఏమాత్రం తీసిపోదు. నిలువు కడ్డీ ఒకటి కాదు, వరసగా ఉంటాయి. సీటు దొరకనివారు వాటిని పట్టుకుని రానూపోనూ ఊగుతారు, పాట లేకపోయినా. అద్దం రాని కిటికీల వల్ల ఏసీ అవసరం ఉండదు. దీపాలంకరణకు బదులు జెండాలు, ముందు అద్దం సగం మూసేసే ఫ్లెక్సీ ఉంటాయి. రోడ్డు కనబడటం డ్రైవర్‌కు ఒక్కడికే అవసరం గనుక ఈ ఏర్పాటుపై ఎవరూ అభ్యంతరం చెప్పరు. విందులో బిర్యానీ పొట్లం, వాటర్ ప్యాకెట్లు. సీసాల అర విడిగా ఉండదు. సీటు కింద ఖాళీ చాలు.

అతిథుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లిమో బస్సులో అతిథి తన డబ్బు పెట్టి ఎక్కుతాడు. ఇక్కడ ఎక్కినందుకు అతిథికే కూలి గిట్టుబాటవుతుంది. పిలుపులు వాట్సాప్‌లో వస్తాయి. డ్వాక్రా సంఘాల మహిళలకైతే పిలుపుతోపాటు హాజరు పట్టిక కూడా వస్తుంది. రానివారి రుణం సంగతి తర్వాత చూద్దామన్న మాట చెవిన పడుతుంది. వేడుకకు రాకపోతే ఏమవుతుందోనని భయపడుతూ వచ్చే అతిథులు ప్రపంచంలో మరే పార్టీ బస్సులోనూ కనిపించరు. బస్సు కదిలే ముందు గ్రామ నాయకుడు లోపలికి తొంగి చూసి తలలు లెక్కపెడతాడు, ఫొటో తీస్తాడు, గ్రూపులో పెడతాడు. వేడుకలో అసలు ఘట్టం ఇదే. మిగతాది ప్రయాణం.

అద్దె నిబంధనలు తెలుసుకోవాలంటే పెళ్లి బస్సు పక్కన పెట్టి చూడాలి. 2021లో సజ్జనార్ ఎండీగా ఉండగా తెలంగాణ ఆర్టీసీ పెళ్లి బస్సులకు ముందస్తు డిపాజిట్ ఎత్తేసింది. సిబ్బందే వెళ్లి కొత్త దంపతులకు కానుక ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. మంచి పనే. అయినా పెళ్లివారికి దొరికేది ఒకటో రెండో బస్సులు. ముహూర్తాల కాలంలో అవీ కష్టం. పార్టీలకు ఆ ఇబ్బంది లేదు. 2025 ఏప్రిల్ 27న హనుమకొండ జిల్లా ఎల్కతుర్తిలో జరిగిన బీఆర్ఎస్ రజతోత్సవ సభకు 3,000 బస్సులు మాట్లాడుకుని, 8 కోట్ల రూపాయలు కట్టినట్టు అప్పట్లో పత్రికలు రాశాయి. బస్సుకు 27 వేల లోపు. లిమో బస్సు యజమాని ఎవరైనా ఈ ధర వింటే దుకాణం కట్టేసుకుంటాడు.

అదే పార్టీ అధికారంలో ఉన్న రోజుల్లో, 2018 సెప్టెంబర్ 2న కొంగరకలాన్ ప్రగతి నివేదన సభకు తరలిన ఆర్టీసీ బస్సులు 7 వేలకు పైమాటే. రాష్ట్రం మొత్తానికి ఉన్నవి అప్పుడు సుమారు పది వేలు. ఆంధ్రప్రదేశ్ ఈ రంగంలో వెనకబడిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. 2024 ఎన్నికల ముందు భీమిలి, దెందులూరు, రాప్తాడు, మేదరమెట్లల్లో అప్పటి అధికార పార్టీ జరిపిన సిద్ధం సభలకు డిపోలు ఖాళీ అయ్యాయి. తమకు అడిగినా బస్సులివ్వడం లేదని అప్పటి ప్రతిపక్షం తెలుగుదేశం ఫిర్యాదు చేసింది. ప్రయాణికుల బస్సులు పార్టీలకెందుకని ఆ ఫిర్యాదు అడగలేదు. వాళ్లకిచ్చినట్టే మాకూ ఇవ్వాలన్నది. జూన్‌లో ప్రభుత్వం మారింది. బస్సుల దారి మారలేదు.

ప్రయాణ క్రమం గురించి రెండు మాటలు. తెల్లవారకముందే బస్సు ఊళ్లోకి వస్తుంది. ఇతర రోజుల్లో అది ఏనాడూ అంత పెందలాడే రాలేదని పెద్దలు గుర్తు చేసుకుంటారు. సభాస్థలికి కొన్ని కిలోమీటర్ల ముందే పార్కింగ్. చాలామంది నాయకుడి ప్రసంగం వినేది మైకుల్లోనే. తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది ట్రాఫిక్ దయ. డ్రైవర్ తెల్లవారుజామున పట్టిన స్టీరింగ్ అర్ధరాత్రి దాటినా వదలడు. పొట్లాల పంపకంలో అతని వాటా ఎవరికీ గుర్తుండదు.

ఇక మిగిలింది ఆహ్వానం లేనివారి వర్గం. వీరు బస్టాండులో ఉంటారు. వీరి కోసం ప్రతి సభకూ యథాప్రకారం ప్రకటన వెలువడుతుంది: సభ దృష్ట్యా కొన్ని సర్వీసులు రద్దు, ప్రయాణికులు సహకరించగలరు. వీలైతే ప్రయాణాలు వాయిదా వేసుకోవాలన్న సలహా దానికి అనుబంధం. ప్రకటనలో తప్పులేవీ లేవు. కర్త మాత్రం లేడు. ఎవరు రద్దు చేశారో, ఎవరి కోసమో, ఎంతకు ఇచ్చారో ఉండదు.

సహకరించడమంటే ఆచరణలో ఏమిటి? మండల కేంద్రంలో నిలబడ్డ మనిషి షేర్ ఆటోకు మామూలు ఛార్జీకి రెండింతలు పెట్టడం. కాలేజీ పిల్లలు జేబులో బస్ పాస్ పెట్టుకుని లారీ ఆపడం. వారానికి రెండుమూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లే రోగిని ఒకరోజు వాయిదా వేసుకోమనడం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. ఆ పథకాన్ని పొగడటానికి సభ పెట్టి, ఆ సభకు ఆ బస్సులే తోలుకుపోతే, స్టాపులో మిగిలిన ఆడమనిషికి జీరో టికెట్టు ఎవరు కొడతారు, దేని మీద కూర్చుని కొడతారు? ఆ బస్సు ఆమె టికెట్టు డబ్బుతో, ఆమె పన్నుతో కొన్నది. అది పార్టీ సొత్తు కాదు, ప్రభుత్వంలో ఉన్నవారి సొత్తు అంతకన్నా కాదు. అద్దె కట్టాం కదా అనడం సిగ్గుమాలిన జవాబు. ఆమె కూడా కట్టింది, ముందే కట్టింది, ఏళ్ల తరబడి కట్టింది.

కొంగరకలాన్ సభ జరిగిన తొమ్మిది రోజులకు, 2018 సెప్టెంబర్ 11న, శనివారంపేట నుంచి జగిత్యాల వెళుతున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్‌లో లోయలో పడింది. లోపల నూరు మందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. సభ బస్సులు అప్పటికే డిపోలకు తిరిగొచ్చాయి, ఆ లోయకూ ఆ సభకూ ముడిపెట్టడం కుదరదు. కానీ ఒక పార్టీ ఒక మధ్యాహ్నం ముచ్చటకు 7 వేల బస్సులు సర్దగలిగిన సంస్థ, ఒక కొండదారిలో నూరు మంది ఒకే బస్సులో కుక్కుకోకుండా రెండో బస్సు వేయలేకపోయింది. పల్లెలకు బస్సులు చాలవని, కొత్తవి కొనడానికి డబ్బుల్లేవని చెప్పే నోటితోనే సభలకు సరిపడా ఉన్నాయని చెబుతున్నారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు.

నోటీసు బోర్డు మీద రాయాల్సింది ఇంకోటుంది: రేపు ఫలానా ఊరికి బస్సు లేదు, ఫలానా పార్టీకి ఇంత అద్దెకు ఇచ్చాం, ఆసుపత్రికి వెళ్లేవారికి బదులు ఏర్పాటు ఇది. ఏ డిపో మేనేజరూ అలా రాయడు. మొదటి రెండు గడులు నింపితే బదిలీ అవుతుంది, మూడో గడిలో రాయడానికి అతని దగ్గర ఏమీ లేదు.