టిక్కు పెట్టి ఉంచిన పుణ్యం

మా తరానికి దానగుణం లేదని పెళ్లి భోజనాల దగ్గర పెద్దవాళ్లు అంటుంటారు. వాళ్లకు ఒకసారి నా ఫోన్ చూపించాలి. ఈ మధ్యకాలంలో నేను ఆకలిగొన్న పిల్లలకు అన్నం పెట్టాను, ఎక్కడో కొండల మీద మొక్కలు నాటించాను, వీధికుక్కలకు టీకాలు వేయించాను, విమానమెక్కి బెంగళూరు వెళ్లొచ్చి, ఆ పొగకు ప్రాయశ్చిత్తంగా భూగోళాన్ని కూడా కొంచెం చల్లబరిచాను. ఇన్ని పుణ్యకార్యాలు చేసింది నేనేనని బిల్లు కిందిదాకా చదివితే గానీ నాకు తెలియదు. కర్ణుడి కవచకుండలాల కోసం వచ్చిన ఇంద్రుడు కనీసం బ్రాహ్మణ వేషం వేసుకుని, నోరు తెరిచి అడిగాడు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు ఆ శ్రమ కూడా లేదు. చిన్న గడిలో టిక్కు ముందే పెట్టేసి, పక్కన బూడిదరంగు చీమతలకాయంత అక్షరాల్లో ‘మీ విరాళం’ అని రాసి పెట్టారు. నాది అని వాళ్లే అన్నారు కాబట్టి నాదే.

మాది గుంటూరు. ఉద్యోగం కోసం హైదరాబాద్ హాస్టల్లో ఉంటున్నాను. రాత్రి పదింటికి పెరుగు ప్యాకెట్ కావాలంటే పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తుంది. అయితే పెరుగు ఒంటరిగా రాదు, పరివారంతో వస్తుంది. డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ, తక్కువ కొన్నందుకు జరిమానా, వాన పడితే వాన ఛార్జీ. వాన ఆ తెచ్చే అబ్బాయి మీద పడుతుంది, ఛార్జీ నా మీద పడుతుంది, ఆ డబ్బు చివరికి ఎవరి జేబులో పడుతుందో బిల్లులో ఉండదు. వీటన్నిటికీ పెద్దన్న ప్లాట్‌ఫామ్ ఫీజు. 2023 ఏప్రిల్‌లో స్విగ్గీ దాన్ని బెంగళూరులోనూ మన హైదరాబాద్‌లోనూ 2 రూపాయలతో మొదలుపెట్టింది. ఆగస్టుకల్లా జొమాటో కూడా అందుకుంది. రెండు రూపాయల కోసం ఎవరు గొడవపడతారు చెప్పండి? ఎవరూ పడలేదు. అందుకే అది రెండంకెల దాకా ఎదిగింది. రైల్వేస్టేషన్లో 10 రూపాయలకు ప్లాట్‌ఫామ్ టికెట్ కొంటే రెండు గంటలు నిలబడొచ్చు, వచ్చేపోయే రైళ్లు చూడొచ్చు. ఈ ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే ప్రకటనలు తప్ప ఏవీ రావు.

చిన్నప్పుడు అమ్మతో కూరగాయల బజారుకెళ్తే, వంకాయలు తూయించి డబ్బులిచ్చాక కూడా ఆవిడ అక్కణ్నుంచి కదిలేది కాదు. ఏమీ అనేది కాదు, ఊరికే సంచి తెరిచి పట్టుకుని నిలబడేది. కాసేపటికి అందులో కరివేపాకు రెబ్బ, నాలుగు పచ్చిమిరపకాయలు పడేవి. అమ్మేవాడు కొసరు వేయడం, కొనేవాళ్లు పట్టుకోవడం అప్పటి పద్ధతి. ఇప్పుడు సంచి యాప్ పట్టుకుంది, కొసరు నేను వేస్తున్నాను. చిల్లర కథా అంతే. కిరాణా కొట్టాయన చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టేవాడు, మనం గొణుక్కుంటూ నోట్లో వేసుకునేవాళ్లం. 2016లో యూపీఐ వచ్చింది, పైసలతో సహా లెక్కకు లెక్క చెల్లించొచ్చు, పీడా పోయిందనుకున్నాం. పోనిస్తారా? 197 రూపాయల బిల్లును 200 చేసి, ఆ మూడూ మంచిపనికి వాడతామంటూ బటన్ పెట్టారు. చిల్లర లేని చోట చిల్లర కొరతను సృష్టించడానికి ఎంత మంది ఇంజినీర్లు కష్టపడ్డారో. పాత పద్ధతిలో కనీసం చాక్లెట్ అన్నా దక్కేది.

ఒకరోజు ఈ సంగతి ఫోన్‌లో అమ్మతో అన్నాను.

“ఎవరికిచ్చావే?”

“పిల్లలకమ్మా.”

“ఏ ఊరి పిల్లలు?”

“తెలీదు. యాప్‌లో బొమ్మ ఉంది.”

“బొమ్మకిచ్చావా?”

వినియోగదారుల చట్టం మొత్తం చదివినా ఇంత సూటి ప్రశ్న దొరకదు. అయితే చట్టం మరీ తీసిపారేయాల్సిందీ కాదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ (సీసీపీఏ) 2023 నవంబర్ 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్ అంగళ్లు మనచేత మనకు తెలియకుండా పనులు చేయించుకునే ఎత్తుల్ని 13 రకాలుగా విడదీసి, ఇవి కూడదంది. ‘రెండే మిగిలాయి, త్వరపడండి’ అని లేని తొందర పెట్టడం ఒకటి. చేరడానికి ఒక్క నొక్కు, మానేయడానికి మూడు మెలికలు పెట్టే సభ్యత్వం ఒకటి. నాకు ముచ్చటేసింది బుట్టలో దొంగచాటుగా సరుకు వేసే రకం. దాని నిర్వచనంలో, అడగకుండా కలిపే వస్తువులూ సేవలతో పాటు దానధర్మాల సొమ్మును కూడా పేరుపెట్టి మరీ చేర్చారు. వద్దన్నవాణ్ని సిగ్గుపరిచే రకం ఇంకోటుంది. విమానం టికెట్‌తో బీమా వద్దంటే ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అని మన నోటితోనే అనిపించడం, విరాళం వద్దంటే ‘దానాలు డబ్బున్నోళ్ల పని, నాకు పట్టదు’ అనే బటన్ మనచేత నొక్కించడం, ఇవి అక్కడ ఇచ్చిన ఉదాహరణలు. ఈ రెండోది రాసిన అధికారి ఎవరో గానీ, అర్ధరాత్రి ఆకలేసి ఏదో ఆర్డర్ పెట్టి, ఆ బటన్ ముందు కాసేపు తలదించుకుని కూర్చున్నవాడే అయ్యుంటాడు.

టిక్కు ముందే పెట్టి ఉంచడం వెనక చదువు చాలానే ఉంది. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ 2003లో ‘సైన్స్’ పత్రికలో అవయవదానం మీద ఒక వ్యాసం రాశారు. ఇష్టమైతేనే పేరు రాయించుకోమనే జర్మనీలో ఒప్పుకున్నవాళ్లు 12 శాతం. కాదని చెప్పనంతవరకూ ఔనన్నట్టే లెక్కించే పక్కింటి ఆస్ట్రియాలో దాదాపు నూటికి నూరు. ఆస్ట్రియా వాళ్ల గుండెలు జర్మనీ వాళ్ల గుండెల కన్నా మెత్తనివేమీ కావు, ఫారం వేరు. మనుషుల్ని మెల్లగా మంచివైపు మళ్లించే ఇలాంటి ఆలోచనల మీద పనిచేసిన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్ర నోబెల్ కూడా ఇచ్చారు. అక్కడ గుండెలూ కిడ్నీలూ నిలబెట్టడానికి పనికొచ్చిన విద్య, మన దగ్గరికొచ్చేసరికి నా రూపాయి పట్టుకోవడానికి దిగింది. విద్య అలాంటిదే, ఎవరి చేతిలో పడితే వాళ్ల పని చేస్తుంది.

కొనుగోలుకు పుణ్యాన్ని కలిపి కట్టడం కొత్త విద్య కూడా కాదు. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లు, కార్డు గీకిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్త కార్డు తీసుకుంటే ఒక డాలరు చొప్పున స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ మరమ్మతులకు ఇస్తామన్నారు. మొత్తం 17 లక్షల డాలర్లు పోగయ్యాయి. ఈ సంగతి జనానికి చెప్పడానికి పెట్టిన ప్రకటనల ఖర్చు దానికి రెట్టింపు పైనే. కార్డుల వాడకం పాతిక శాతానికి మించి పెరిగింది. విగ్రహం బాగుపడింది, కంపెనీ ఇంకా బాగుపడింది. వాణిజ్య కళాశాలల్లో దీన్ని ఇప్పటికీ గొప్పగా చెబుతారు. మనవాళ్లకు మాత్రం ఆ పాఠం అక్కర్లేదు. ఏప్రిల్ వస్తే కూడళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి కదా, దగ్గరికెళ్లి చూడండి. రెండు కుండలు, నాలుగు స్టీలు గ్లాసులు, వాటి వెనక మేడంత ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో నాయకుడు, నాయకుడి నాయకుడు, వెంచర్ వేసిన రియల్ ఎస్టేట్ ఆయన, ఆయన గారి తమ్ముడు, అందరూ చల్లగా నవ్వుతుంటారు. మజ్జిగ మొదటిరోజే అయిపోతుంది. ఫ్లెక్సీ మాత్రం వానాకాలం దాకా దాహం తీరుస్తూనే ఉంటుంది, వాళ్ల దాహం.

ఇక కంపెనీల సొంత దానం సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ చేరిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. 2021లో సవరించిన నిబంధనలు ఇంకో మాట కూడా అన్నాయి. తమ సరుకుకు ప్రచారం దక్కేలా స్పాన్సర్ చేసే పనులు ఈ లెక్కలోకి రావు. అంటే, దానానికీ ప్రకటనకూ మధ్య గోడ ఉందని ప్రభుత్వం నమ్ముతోంది. నేను నమ్మాలంటే ఆ గోడ ఎక్కడుందో చూపించాలి. చట్టప్రకారం తప్పక పెట్టాల్సిన ఖర్చుకు ‘మా ఔదార్యం’ అని పూర్తిపేజీ ప్రకటన వేస్తారు. నా దగ్గర లాగిన రూపాయిలన్నీ పోగేసి, తెల్ల చొక్కా సీఈవో గారు తలుపంత చెక్కు పట్టుకుని ఫొటో దిగుతారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ కాలపు అల్లుడు పాపం నయం. అత్తగారి సంతకం బదులు ముందే టిక్కు పెట్టి ఉంచలేదు.

ఈ వరసలో అక్షయ తృతీయది పెద్ద విషాదం. వైశాఖం ఎండల్లో వచ్చే ఆ రోజున నీళ్లకుండ, విసనకర్ర, గొడుగు, చెప్పులు, పెరుగన్నం దానం చేయాలని పాతమాట. ఆ రోజు ఇచ్చింది తరగదట. నగల దుకాణాలు ఒక్క మాట మార్చాయి, ఆ రోజు కొన్నది తరగదన్నాయి. అంతే, ఇచ్చే పండగ కాస్తా కొనే పండగైపోయింది. ఇప్పుడు బంగారు నాణెం కూడా పెరుగు ప్యాకెట్‌లాగే పది నిమిషాల్లో వస్తోంది. మండుటెండలో దాన్ని మోసుకొచ్చే అబ్బాయికి గొడుగూ చెప్పులూ ఎవరిస్తారన్నది మాత్రం ఆ యాప్‌లో ఎక్కడా లేదు.

లేదనడం తప్పేమో, ఉంది. టిప్ రూపంలో ఉంది. 10, 20, 30 అని మూడు బటన్లు, 20 మీద ‘ఎక్కువమంది ఇచ్చేది’ అని చిన్న ముద్ర. ఎండలో, వానలో తిరిగేవాడి కష్టానికి సరిపడా జీతం కంపెనీ లెక్క కావాలి, అది నా దయాదాక్షిణ్యాల లెక్క అయింది. ఇలాంటి పనివాళ్ల భద్రత కోసం ఈ కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం కట్టాలని 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ చెప్పింది. అది అమల్లోకి రావడానికి 2025 నవంబర్ 21 దాకా పట్టింది. కంపెనీ కట్టాల్సిన శాతానికి ఐదేళ్ల ఆలోచన. నేను ఇవ్వాల్సిన రూపాయికి అర సెకను, అదీ నా బదులు వాళ్లే ఆలోచించారు.

సరే, మధ్యలో వీళ్లెందుకు, నేరుగా ఇద్దామని ఒక విరాళాల సైట్‌కు వెళ్లాను. ఆసుపత్రి మంచం మీద పసివాడి ఫొటో, కింద తల్లి మాటలు. ఐదొందలు నొక్కగానే, ‘మా వేదికకు టిప్’ అని పక్కనే ఇంకో శాతం సిద్ధంగా ఉంది. దానానికి టిప్! తీసేయాలంటే ‘ఇతరం’ అనే చోటికి వెళ్లి సున్నా వేయాలి, వేస్తే కన్నీళ్ల ఇమోజీ ఒకటి నన్ను చూస్తుంది. ఆ రోజు నుంచి ఫోన్లు మొదలు. ‘మేడం, మీరు చాలా మంచివారు’ అని పొద్దున్నే ఎవరో పొగుడుతారు. నా మంచితనం ఏ జాబితాలో, ఏ ధరకు చేతులు మారిందో. ఇక ఆ పసివాడి ఫొటో కూడా నన్ను వదల్లేదు, రన్నింగ్ షూ ప్రకటనకూ ఫేస్ సీరమ్ ప్రకటనకూ మధ్యన రోజూ కనిపిస్తున్నాడు. కుక్కర్ కొన్నాక కుక్కర్ల ప్రకటనలే వెంటపడ్డట్టు, జాలిపడ్డాక జాలే వెంటపడుతోంది. యంత్రానికి రెండూ ఒకటే, ఈవిడకు వీటి మీద ఆసక్తి.

ప్రభుత్వం ఊరుకోలేదు లెండి. 2025 జూన్‌లో సీసీపీఏ ఆన్‌లైన్ అంగళ్లన్నిటికీ, మీలో డార్క్ ప్యాటర్న్స్ ఉన్నాయేమో మూడు నెలల్లో మీరే వెతుక్కోండని చెప్పింది. వాళ్లు వెతుక్కున్నారు. నవంబర్‌కల్లా 26 ప్రముఖ సంస్థలు, మా దగ్గర అలాంటివేవీ లేవని లిఖితపూర్వకంగా చెప్పేశాయి. ఇంటర్‌లో మా పేపర్లూ మమ్మల్నే దిద్దుకోనిచ్చి ఉంటే రాష్ట్రమంతా మొదటి ర్యాంకే.

ఆ ధైర్యంతో నేనూ ఒక ప్రయోగం చేశాను. విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది. కొత్త పన్ను విధానంలో ఉన్న నాలాంటివాళ్లకు అదీ లేదు, అయినా రసీదు రసీదే. రూపాయికి రసీదు అడిగిన మొదటి మనిషిని నేనే కావొచ్చు. యాప్‌లో ‘సహాయం’ నొక్కితే చాట్‌బాట్ నమస్కారం పెట్టింది.

“నా విరాళం ఏ సంస్థకు వెళ్లింది?” అని అడిగాను.

“మీ ఆర్డర్‌లో ఏ వస్తువు అందలేదో ఎంచుకోండి: 1. పెరుగు 2. విరాళం.”

రెండోది నొక్కాను.

“అందని వస్తువు ఫొటో అప్‌లోడ్ చేయండి.”

ఖాళీగా ఉన్న నా అరచెయ్యి ఫొటో తీసి పంపాను. కాసేపు చుక్కలు కదిలాయి.

“మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ వాలెట్‌లో 1 రూపాయి జమ చేశాం. గడువు ఏడు రోజులు. కనీస ఆర్డర్ 199 రూపాయలు.”