వెబ్ ఆప్షన్లు పెట్టే విధానం: కొండాపూర్ తల్లిదండ్రులకు సూచనలు

ఎప్‌సెట్ ర్యాంకు వచ్చిందా? ముందు మీ అమ్మాయిని ఆ గదిలోంచి బయటికి పంపేయండి. ఇంజనీరింగ్ చదవబోయేది తనే అనుకోండి, కానీ ఓటీపీ వచ్చేది మీ ఫోన్‌కే కదా.

తర్వాత ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరవండి. ఆఫీసులో పదిమంది అప్రైజల్ తేల్చేది అందులోనే, ఒక్క ఆడపిల్ల జీవితం తేలదా? ఒక కాలమ్‌లో కాలేజీ కోడ్, పక్కన బ్రాంచి, ఆ పక్కన నిరుటి కటాఫ్. ఇంకో కాలమ్ ఖాళీగా ఉంచండి, అది మీ బావమరిది అభిప్రాయానికి. ఆయన మైండ్‌స్పేస్‌లో పనిచేస్తాడు కాబట్టి ఏ కాలేజీలో ల్యాబులు బాగుంటాయో ఆయనకు తెలిసే ఉంటుంది.

ఇక వరస. కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. అంటే బాగా నచ్చింది పైన, ఆ తర్వాతది దాని కింద రాసుకుంటే చాలు. ఎన్ని పెట్టినా అడిగేవాడు లేడు, రాని సీటు పైన రాసినంత మాత్రాన నష్టమూ లేదు. ఇంత తేలిగ్గా ఉంటే ఎవరు నమ్ముతారు? 'మన ర్యాంకుకు ఎలాగూ రాదు' అని ఇష్టమైనవన్నీ కొట్టేసి, ఖాయంగా వచ్చేదాన్ని ఒకటో నంబరులో పెట్టండి. ఖాయంగా అదే వస్తుంది.

యూనివర్సిటీ పేరు చూసి మోసపోకండి. గండిపేటలో పక్కపక్కనే రెండు కాలేజీలున్నాయి. 1979 నాటి సీబీఐటీ ఉస్మానియా కిందికి వస్తుంది, 1997 నాటి ఎంజీఐటీ జేఎన్‌టీయూ కిందికి. రెండింటినీ నడిపే సొసైటీ మాత్రం ఒక్కటే. వీటిలో ఏది గొప్పో మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడగండి. రాత్రి భోజనాల వేళకు మొదలైన వాదన తెల్లారేదాకా సాగుతుంది, ఈలోగా ఆప్షన్ల గడువు ముగుస్తుంది.

జేఎన్‌టీయూ సొంత కాలేజీలు కూకట్‌పల్లిలోనే కాదు, జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్లల్లోనూ ఉన్నాయి. 'అంత దూరం ఆడపిల్లనా!' అనండి. నాలుగేళ్లయ్యాక ఎంఎస్‌కు డాలస్ పంపేటప్పుడు ఆ మాట గుర్తుచేసేవాళ్లెవరూ ఉండరు. కూకట్‌పల్లిలోనే వస్తే మరీ మేలు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి వెళ్లొచ్చు. డిగ్రీ చేతికొచ్చాక కోర్సులు నేర్చుకోవడానికి వెళ్లాల్సింది ఎటూ అమీర్‌పేటకే, దారి ఇప్పుడే అలవాటవుతుంది.

బ్రాంచి గురించి చెప్పడానికేముంది, సీఎస్‌ఈ. రాకపోతే సీఎస్‌ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ. చివరి అక్షరానికి అర్థం ఏంటో క్లాసులు మొదలయ్యాక కనుక్కోవచ్చు. సివిల్ అని మాత్రం నోరు జారకండి. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన బహుశా డేటా సైన్స్ వాళ్లే కట్టి ఉంటారు. కూకట్‌పల్లి కాలేజీ కూడా 1965లో పుట్టినప్పుడు నాగార్జున సాగర్ ఇంజనీరింగ్ కాలేజీయే. పేరులోనే డ్యామ్ పెట్టుకుని తిరిగిన రోజులవి. ఇప్పుడు ఎవరికి కావాలి?

ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలో పెద్దక్షరాల ప్యాకేజీ ఒకటే చదవండి. అది ఎందరికి వచ్చిందని అడిగితే కౌంటర్‌లో అమ్మాయి ఇబ్బంది పడుతుంది. ఒకే కుర్రాడికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేశారా అని అడిగితే మరీ ఇబ్బంది. అక్కడే 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా గురించి మెల్లిగా కదుపుతారు. మీరు అప్పటిదాకా ర్యాంకు గురించి చేసిన ఉపన్యాసాలన్నీ అక్కడే మర్చిపోవచ్చు.

ఫ్రీజ్ నొక్కేముందు అమ్మాయిని లోపలికి పిలిచి జాబితా చూపించండి. "నేను ఈసీఈ అన్నాను కదా నాన్నా" అంటుంది. "అదీ ఉందమ్మా, నూట పన్నెండో ఆప్షన్" అని చూపించి నొక్కేయండి.

సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. ఈ ఒక్క పనీ అమ్మాయికే వదిలేయండి. మర్చిపోతే తిట్టడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా!