పాలు పడవా? అయితే మరికాస్త తాగండి

పాలు తాగిన గంటకో రెండు గంటలకో కడుపు ఉబ్బి, గుడగుడలాడి, విరేచనాలకు దిగుతోందా? తొందరపడి పాలను అనుమానించకండి. నిన్నటి గుత్తివంకాయ, మొన్నటి చేపల పులుసు, పక్కింటావిడ దిష్టి, ఇలా ముద్దాయిలు బోలెడుమంది. పాలను చివరిదాకా సాక్షిగానే ఉంచండి.

చిన్నప్రేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుందని, పాలలోని చక్కెర లాక్టోజ్‌ను అదే విడగొడుతుందని, తల్లిపాలు మానాక చాలామందిలో అది తగ్గిపోతుందని డాక్టర్లు చెబుతారు. దక్షిణాదిలో ఇది మరీ మామూలట. మామూలైనదానికి జాగ్రత్త ఎందుకు? ఇంకో గ్లాసు పుచ్చుకోండి.

అయినా తగ్గకపోతే పాలు మార్చండి. ప్యాకెట్ పాలు మాని గేదె పాలు, అవీ పడకపోతే రెట్టింపు ధరకు నాటు ఆవు ఏ2 పాలు. ఏ2 అన్నది ప్రొటీన్ సంగతి. లాక్టోజ్ ఏ గ్లాసులోనైనా దాదాపు పది గ్రాములు ఉంటుంది. కానీ అంత డబ్బు పోశాక కడుపుకైనా కాస్త విశ్వాసం ఉండాలి కదా! అదీ లేకపోతే పాలను బాగా మరగబెట్టండి. నీళ్లు పోతాయి, లాక్టోజ్ మిగులుతుంది. ఇంకా మరిగిస్తే కోవా అవుతుంది. కోవా నమిలి తినేది కాబట్టి పాల లెక్కలోకి రాదు.

పెరుగు జోలికి మాత్రం పోవద్దు. తోడులోని బాక్టీరియా లాక్టోజ్‌ను కొంత ముందే తినేసి, మిగిలింది అరగడానికీ సాయం చేస్తుంది. పాలు పడని చాలామందికి పెరుగన్నం పడేది అందుకే. ఊరికే అరిగిపోతే కడుపుకు సోమరితనం అలవాటవుతుంది. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు, ఇక దాన్ని తిని ఏం లాభం? భోజనంతో పాటు అరగ్లాసు తాగితే చాలామందికి ఇబ్బంది ఉండదంటారు. మీరు పరగడుపున, పెద్ద లోటాతో, గటగటా తాగండి.

కాల్షియం కోసం రాగులు, నువ్వులు, మెత్తళ్లు తినమంటారు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, పాలకు రెట్టింపు కన్నా ఎక్కువ. కానీ రాగిజావ తాగినట్టు ఫొటో పెడితే ఎవరు చూస్తారు?

లాక్టేజ్ మాత్రలు పాలతో పాటే వేసుకోవాలి. మీరు మర్నాడు పొద్దున వేసుకోండి. పనిచేయలేదని నలుగురికీ ధీమాగా చెప్పొచ్చు.

లాక్టోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఒకటుంది. పొరపాటున కూడా చేయించుకోకండి. ఆ రిపోర్టు చేతికొస్తే అత్తగారిచ్చే పాలగ్లాసు వద్దనాల్సి వస్తుంది. అంతకంటే ఆవిడ ఇచ్చింది తాగేసి, బాత్‌రూమ్ ఎటో ముందే కనుక్కోవడం తేలిక.